కర్త లేని వాక్యాలు – ఆస్ట్రేలియా నెట్ జీరో ప్రణాళిక

2021 అక్టోబరు 26వ తేదీన ఆస్ట్రేలియా ప్రధానమంత్రి స్కాట్ మారిసన్ ఒక ప్రణాళిక విడుదల చేశాడు. 2050 నాటికి తమ దేశం ఉద్గారాలను నికరంగా సున్నాకు ఎలా తెస్తుందో చెప్పే 129 పుటల పత్రం అది. దాని సారాన్ని ప్రభుత్వమే ఒక నినాదంగా కుదించి ప్రజలకిచ్చింది: "టెక్నాలజీ, నాట్ టాక్సెస్". అంటే దారి చూపేది సాంకేతిక పరిజ్ఞానమే గాని పన్నులు కావని. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకూ మొదటి హల్లు కలిసి చెవికి ఇంపుగా వుంటుంది. అర్థం చేయవలసిన పనిని అనుప్రాస ఒక్కోసారి తానే చేసిపెడుతుందని కవులకు తెలుసు. ప్రభుత్వ ప్రచార శాఖల వారికి ఇంకా బాగా తెలుసు.

వాతావరణం మీద ఎక్కడో రాసిన ప్రభుత్వ పత్రంతో సాహిత్య విద్యార్థికేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పత్రమన్నాక అందులో వాక్యాలుంటాయి. వాక్యానికి కర్త వుండాలి, క్రియ వుండాలి. కర్తను ఎక్కడ దాచారో, క్రియను ఏ కాలంలోకి నెట్టారో పరిశీలించడం మన వృత్తిలో భాగమే. పైగా ఇటువంటి పత్రాలు ఇప్పుడు ప్రతి దేశమూ రాస్తోంది, మన దేశమూ రాసింది. ఆస్ట్రేలియా పత్రం వాటన్నిటిలోకీ తన నమ్మకాన్ని దాపరికం లేకుండా ప్రకటించుకున్నది గనుక పాఠంగా తీసుకోవడానికి అనువుగా వుంది.

ముందు 'నెట్ జీరో' అంటే ఏమిటో చూద్దాం. బొగ్గు, చమురు, సహజవాయువు మండించినప్పుడు, సిమెంటూ ఉక్కూ తయారు చేసినప్పుడు, అడవులు నరికినప్పుడు, పశువులు నెమరు వేసినప్పుడు బొగ్గుపులుసు వాయువు, మీథేన్ వంటివి గాలిలో కలుస్తాయి. ఇవి భూమి వేడిని బయటికి పోనివ్వవు. మరోవైపు చెట్లూ, నేలా కొంత బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. ఒక దేశం గాలిలోకి వదిలేదీ, గాలి నుంచి వెనక్కి తీసుకునేదీ సమానమైతే నికరం సున్నా. ఇది జమాఖర్చుల భాష. సున్నా అనగానే పొగ ఆగిపోతుందని మనం అనుకుంటాం. నికరం అన్న విశేషణం మాత్రం, ఎక్కడో జమ చూపించగలిగితే పొగను కొనసాగించుకోవచ్చునని చెబుతుంది. ఆ జమ నిజమైనదేనా, ఎంతకాలం నిలుస్తుంది అన్నదే తగాదా అంతా.

ఇక 'పన్ను' అన్న మాట ఆ దేశంలో ఎందుకంత చేదెక్కిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 2012 జూలై 1 నుంచి జూలియా గిలార్డ్ ప్రభుత్వం పెద్ద సంస్థలు వదిలే ప్రతి టన్ను కర్బన వాయువుకు 23 డాలర్ల ధర విధించింది. దాన్ని రద్దు చేస్తామన్న ఒక్క వాగ్దానాన్ని ఊరూరా మోగించి టోనీ అబాట్ 2013లో అధికారానికి వచ్చాడు. 2014 జూలైలో రద్దు చేశాడు కూడా. 2017 ఫిబ్రవరిలో, అప్పటికి ఆర్థికమంత్రిగా వున్న ఇదే మారిసన్, ఒక బొగ్గుపెళ్లను పార్లమెంటులోకి తెచ్చి దీన్ని చూసి భయపడకండని ప్రతిపక్షాన్ని ఎద్దేవా చేశాడు. చేతికి మసి అంటకుండా ఆ పెళ్లకు పూత పూశారని పత్రికలు రాశాయి. ఎవరైనా కథకుడు ఆ పూత కల్పించి వుంటే అతిగా వుందని నేనే కొట్టేసేవాణ్ణి.

తర్వాత 2019-20 వేసవి వచ్చింది. ఆ అగ్నికీలల్లో 33 మంది చనిపోయారు, 2 కోట్ల 40 లక్షల హెక్టార్లకు పైగా తగలబడిందని విచారణ సంఘం తేల్చింది. ఆపైన 2021 అక్టోబరు నెలాఖరులో గ్లాస్గోలో ప్రపంచ వాతావరణ సమావేశం. ధనిక దేశాలన్నీ ఏదో ఒక ప్రతిజ్ఞతో వస్తున్నాయి. బొగ్గు ప్రాంతాల ఓట్ల మీద నిలబడిన నేషనల్స్ అనే మిత్రపక్షం ఒప్పుకోదు, ప్రతిజ్ఞ లేకుండా గ్లాస్గో వెళితే పరువు దక్కదు. ఈ రెండింటి మధ్య పుట్టిన పత్రం ఇది. అందుకే దానిలో కొత్త చట్టం లేదు, కొత్త పన్ను లేదు, 2030కి పెట్టుకున్న పాత లక్ష్యంలో మార్పు లేదు. 2005 స్థాయి మీద 26 నుంచి 28 శాతం తగ్గింపు అన్నది 2015లో పెట్టుకున్నదే.

మరి సున్నా ఎలా వస్తుంది? పత్రం ఇచ్చిన లెక్క ఇది. 2005 ఉద్గారాలలో 20 శాతం ఇప్పటికే తగ్గాయి. 40 శాతం, ప్రభుత్వం ఎంపిక చేసిన సాంకేతికాల మీద పెట్టుబడి వల్ల తగ్గుతుంది. 15 శాతం, ప్రపంచంలో సాంకేతికం సహజంగా సాగే తీరు వల్ల తగ్గుతుంది. మరో 10 నుంచి 20 శాతానికి ఆఫ్‌సెట్లు. అనగా వేరొకచోట చెట్లు పెంచినందుకో నేలలో కర్బనం నిలిపినందుకో వచ్చే జమలు కొని ఖాతాలో రాసుకోవడం. మిగిలిన 15 శాతం 'మరిన్ని సాంకేతిక విజయాల' ద్వారా. విజయాలంటే ఇంకా జరగని ఆవిష్కరణలు. వాటి పేర్లు లేవు. పేర్లు ఎలా వుంటాయి, అవి ఇంకా పుట్టలేదు గదా!

పాత నాటకాల్లో కథ చిక్కుపడిపోయి రచయితకు దారి తోచనప్పుడు చివరి రంగంలో దేవుడు ప్రత్యక్షమై అందరి కష్టాలూ తీర్చేవాడు. ఆ ముగింపును మనం శిల్పలోపమంటాం. పాత్రల పనుల నుంచి ఫలితం రాలేదు గనుక. ఈ 15 శాతం ఆ దేవుడే. తేడా ఏమంటే, నాటకకర్త ఆ దేవుణ్ణి చివరిదాకా దాచిపెట్టేవాడు, ఇక్కడ ముందుగానే పట్టికలో అంకె వేసి చూపించారు. అంకె వేశారు గనుక లెక్క అనిపిస్తుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కొత్త ఆవిష్కరణలు లేకుండా సున్నాకు చేరడం సాధ్యం కాదన్నది మారిసన్ ఒక్కడి మాట కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021 మే నెలలో ఇచ్చిన నివేదిక కూడా, 2050 నాటి తగ్గింపులో దాదాపు సగం అప్పటికింకా నమూనా దశలో వున్న సాంకేతికాల నుంచి రావాలని చెప్పింది. అదే నివేదిక, తన మార్గంలో కొత్త బొగ్గు గనులకూ, అప్పటికే అనుమతి పొందినవి కాక కొత్త చమురు, వాయు క్షేత్రాలకూ చోటు లేదని కూడా చెప్పింది. ఆస్ట్రేలియా పత్రం మొదటి సగాన్ని చదివింది. రెండవ సగాన్ని వదిలేసింది.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. ఆ పత్రంలో ఎక్కువ వాక్యాలకు కర్త టెక్నాలజీ. టెక్నాలజీ ధరలు తగ్గిస్తుంది, టెక్నాలజీ ఉద్యోగాలు తెస్తుంది, టెక్నాలజీ ఉద్గారాలు తొలగిస్తుంది. మనిషి కనపడేది వినియోగదారుడుగా, పెట్టుబడిదారుడుగా. వారు 'ఎంచుకుంటారు'. ఎవరూ ఎవరినీ ఆదేశించరు. ప్రణాళిక ప్రకటించుకున్న అయిదు సూత్రాల్లో రెండవది కూడా ఇదే, నిర్బంధాలు వద్దు, ఎంపికలు పెంచుదామని. పదో తరగతిలో కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమంటే మా పిల్లలు చాలామంది 'చేత' అన్న విభక్తితో పాటు కర్తను కూడా ఎగరగొట్టేస్తారు. 'చెట్టు నరకబడెను' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఎవరి చేత అని అడిగితే తల గోక్కుంటారు. వారిది అలవాటు. ప్రభుత్వ పత్రాల రచయితలది అభ్యాసం. కాకపోతే ఈ పత్రం 'బడు' ధాతువుకన్నా తెలివైన ఉపాయం కనిపెట్టింది. కర్తను తీసేయకుండా, అచేతనమైన దాన్ని ఆ పీట మీద కూర్చోబెట్టింది. పీట ఖాళీగా లేదు గనుక ఎవరూ అడగరు.

ఎంపిక చేసిన సాంకేతికాల జాబితా చూస్తే ఈ సంగతి మరీ స్పష్టపడుతుంది. ప్రతిదానికీ ఒక ధర లక్ష్యం పెట్టారు. హైడ్రోజన్ కిలో 2 డాలర్లకు లోపు, సౌరవిద్యుత్తు మెగావాట్ గంట 15 డాలర్లు, తక్కువ ఉద్గారాల ఉక్కు టన్ను 700 డాలర్లకు లోపు, బొగ్గుపులుసు వాయువును భూగర్భంలో నిలవచేయడం టన్నుకు 20 డాలర్లకు లోపు, నేలలోని కర్బనాన్ని కొలవడం హెక్టారుకు ఏడాదికి 3 డాలర్లకు లోపు. ధరకు లక్ష్యం వుంది. ఏ సంవత్సరానికి ఎన్ని టన్నుల బొగ్గు మండించడం మానేస్తామన్న లక్ష్యం లేదు.

హైడ్రోజన్ ముందు వాడిన విశేషణం చూడండి. 'క్లీన్', పరిశుభ్రమైన. హైడ్రోజన్ మండితే నీరే మిగులుతుంది, నిజమే. కాని అది గనిలో దొరికే బొగ్గులాంటిది కాదు, దేనినుంచో విడదీయాలి. నీటిని సౌర, పవన విద్యుత్తుతో విడగొడితే ఉద్గారం లేదు. సహజవాయువునుంచో బొగ్గునుంచో తీస్తే బోలెడు బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మొదటిదానిని ప్రపంచమంతటా 'గ్రీన్' అంటున్నారు. ఈ పత్రం 'గ్రీన్' అనకుండా 'క్లీన్' అన్నది ఎందుకంటే, బొగ్గు నుంచి తీసిన హైడ్రోజన్‌ను కూడా, వెలువడే వాయువును పాతిపెడతామన్న హామీ మీద, అందులో చేర్చుకోవడానికి. విక్టోరియా రాష్ట్రంలోని లాట్రోబ్ లోయ గోధుమరంగు బొగ్గు నుంచి తీసిన హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చి 2022 జనవరిలో ఓడలో జపాన్ పంపించారు. ఆ ప్రయోగ దశలో వాయువును పాతిపెట్టడమంటూ జరగలేదు. ఒక్క విశేషణం ఒక పరిశ్రమ మొత్తాన్ని గట్టెక్కించే బరువు మోసింది. విశేషణాలు అలంకారం కోసమేనని ఇంకా నమ్మే విద్యార్థులుంటే వారికి ఇది మంచి ఉదాహరణ.

పాతిపెట్టడం సంగతి కూడా చూద్దాం. పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో బారో ద్వీపం మీద షెవ్రాన్ కంపెనీ నడిపే గోర్గాన్ సహజవాయు కేంద్రం వుంది. అక్కడి వాయువుతో పాటు భూమిలోనుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువులో 80 శాతాన్ని తిరిగి భూమిలోకి పంపాలన్న షరతు మీద అనుమతి దొరికింది. ప్రభుత్వం 6 కోట్ల డాలర్లు సాయం చేసింది. సహజవాయువు ఎగుమతి 2016 మార్చిలో మొదలయింది. పాతిపెట్టే యంత్రాలు 2019 ఆగస్టు దాకా మొదలు కాలేదు. మొదటి అయిదేళ్ల లక్ష్యం తప్పింది. 2021 నవంబరులో, అంటే మన పత్రం విడుదలయిన కొద్ది రోజులకే, ఆ లోటు పూడ్చుకోవడానికి 52 లక్షల టన్నులకు పైగా ఆఫ్‌సెట్లు కొంటామని కంపెనీ ప్రకటించింది. ఒక సాంకేతికం విఫలమైతే ఖాతాలోని మరో గడి దాన్ని భర్తీ చేస్తుంది. పొగ మాత్రం గాలిలోనే వుంటుంది.

ఇంత చెప్పి, సాంకేతిక పరిజ్ఞానం మీద నాకు అనుమానమని పాఠకులు అనుకోరాదు. నా అభ్యంతరం వేరు. సాంకేతికం ఒకవైపు, చట్టమూ ప్రజాధనమూ మరొకవైపు నిలబెట్టి, ఈ రెండింటిలో ఒకటి కోరుకోమనడం చరిత్రకు విరుద్ధం. ఆస్ట్రేలియా తన సొంత చరిత్రనే ఈ పత్రంలో మరిచిపోయింది.

సౌరవిద్యుత్తు కథ తీసుకోండి. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 1985లో 20 శాతం సామర్థ్యం గల సిలికాన్ ఘటాన్ని తయారు చేశారు. అంతకుముందు అది అసాధ్యమనుకునేవారు. ఈనాడు ప్రపంచమంతా మేడల మీద మెరుస్తున్న పలకలలో అత్యధిక భాగానికి మూలమైన పద్ధతులు ఆ ప్రయోగశాలలోనే రూపుదిద్దుకున్నాయి. అది విశ్వవిద్యాలయం, అక్కడ ఖర్చయిన దానిలో ప్రజాధనం వుంది. ఆయన దగ్గర పరిశోధన చేసిన షి జెంగ్‌రోంగ్ చైనా వెళ్లి 2001లో వుషీ నగరంలో సన్‌టెక్ కంపెనీ పెట్టాడు. అది కూడా స్థానిక ప్రభుత్వం ఆసరాతోనే. ఆ పలకలను కొన్నదెవరు? 2000లో జర్మనీ చేసిన చట్టం, సౌరవిద్యుత్తు ఉత్పత్తి చేసేవారికి ఇరవయ్యేళ్లపాటు నిర్ణీత ధర చెల్లించి తీరాలని ఆదేశించింది. ఆ ఆదేశం సృష్టించిన గిరాకీ మీద చైనా కర్మాగారాలు పెరిగాయి, ధర పడింది.

ఆస్ట్రేలియాలోనో? విద్యుత్తు అమ్మే కంపెనీలు 2010 నాటికి ఏటా 9,500 గిగావాట్ గంటల కొత్త పునరుత్పాదక విద్యుత్తు కొనితీరాలని 2001 నుంచి అమలులోకి వచ్చిన చట్టం నిర్బంధించింది. ఆ పథకం పేరులోనే 'మాండేటరీ' అన్న మాట వుంది. నిర్బంధం! దాన్ని తెచ్చింది జాన్ హోవార్డ్ ప్రభుత్వం. అంటే మారిసన్ పార్టీయే. 2009లో ఆ లక్ష్యాన్ని పెంచారు, 2015లో కొంత తగ్గించారు, కాని చట్టం నిలిచింది. దాని కిందనే ఇళ్లవారికి రాయితీలు వచ్చాయి. ఈనాడు ఆ దేశంలో మూడిళ్లలో ఒక ఇంటి కప్పు మీద సౌరపలకలున్నాయి. 2024 చివరికి 40 లక్షల ఏర్పాట్లు దాటాయి. 'ఎంపిక' అని పత్రం చెప్పేది ఇరవయ్యేళ్ల నిర్బంధం పండించిన పంట. పంటను మాత్రం చూపించి, దుక్కి దున్నినవాడి పేరు చెరిపేశారు.

'ఇప్పటికే తగ్గిన 20 శాతం' అన్న గడిలో ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి వుంది. ఆ తగ్గుదలలో పెద్దభాగం ఏ యంత్రం వల్లా రాలేదు. అడవులూ పొదలూ నరికి పచ్చిక బయళ్లు చేయడం తగ్గింది గనుక వచ్చింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం 2004లో చేసిన చట్టం 2006 చివరికల్లా విస్తారంగా చెట్లు కొట్టడాన్ని నిలిపివేసింది. పశుపోషకులు కొందరు దానిమీద ఈనాటికీ కోపంగా వున్నారు, తమ భూమి మీద తమ హక్కు పోయిందని. ఆ కోపంలో న్యాయముందా లేదా అన్నది వేరే చర్చ. ఇక్కడ మనకు కావలసింది ఏమంటే, 1997లో క్యోటోలో భూవినియోగం లెక్కను ఒప్పందంలో చేర్పించడానికి పట్టుబట్టి, తన ఉద్గారాలు 1990 మీద 8 శాతం పెంచుకునే వెసులుబాటు సంపాదించినది ఈ దేశమే. ఆ వెసులుబాటు నిచ్చిన భూమి, ఆ భూమి మీద ఒక చట్టం, ఆ చట్టంతో నష్టపోయామన్న మనుషులు, అందరూ కలిసి 'ఇప్పటికే తగ్గిన 20 శాతం' అన్న మాటలోకి కూరబడ్డారు.

పత్రంలో అసలు లేని గడి ఒకటుంది. ఆస్ట్రేలియా ఏటా సుమారు 35 కోట్ల టన్నుల బొగ్గు ఎగుమతి చేస్తుంది. ద్రవీకరించిన సహజవాయువు దీనికి అదనం. ఈ ఎగుమతులను కొన్న దేశాలు మండించినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు, ఆస్ట్రేలియా సొంత గడ్డమీద వెలువడేదానికి రెట్టింపుకు పైగా వుంటుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎక్కడ మండితే ఆ దేశపు లెక్క. అందుచేత తవ్విన దేశం సున్నాకు చేరుకుంటూనే తవ్వుకోవచ్చు.

ఇక్కడ మన ఊరు వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసులకు కావలసిన కోకింగ్ బొగ్గు మన గనులలో సరిపడా లేదు, వున్నదానిలో బూడిద ఎక్కువ. ఆ బొగ్గులో పెద్దభాగం ఆస్ట్రేలియా నుంచి ఓడలలో వస్తుంది. ఎన్నో ప్రాణాలు బలియిచ్చి సాధించుకున్న కర్మాగారం అది, ఈనాడు తన ఉనికి కోసమే పోరాడుతున్నది. అక్కడ వెలువడే ప్రతి టన్ను బొగ్గుపులుసు వాయువూ మన ఖాతాలో పడుతుంది. బొగ్గు అమ్మిన లాభం క్వీన్స్‌లాండ్ గని యజమానుల ఖాతాలో పడుతుంది. ఆస్ట్రేలియా పత్రం విడుదలయిన ఆరవరోజున, నవంబరు 1న, గ్లాస్గోలో భారత ప్రధాని 2070 నాటికి మన నికర సున్నా అని ప్రకటించినప్పుడు పాశ్చాత్య పత్రికలు కొన్ని ఇరవయ్యేళ్లు ఆలస్యమని పెదవి విరిచాయి. ఒకే బొగ్గుకు రెండు చివరలున్నాయని, ఒక చివరనే మసి కనిపించేటట్లు ఖాతా రాశారని ఆ పత్రికలలో ఎన్ని చెప్పాయి?

మనుషుల విషయానికి వస్తే, ప్రణాళిక వెనుక మెకిన్సే అనే సలహా సంస్థ కట్టిన లెక్కలున్నాయి. నవంబరు 12న, గ్లాస్గో సమావేశం ముగింపుకు వచ్చినరోజున, వాటిని బయటపెట్టారు. ఆ లెక్కల ప్రకారం, ఏమీ చేయకపోతే వుండే స్థితికన్నా సగటు ఆస్ట్రేలియన్ 2050లో 2,000 డాలర్ల మేరకు మెరుగ్గా వుంటాడు. ఈ 'సగటు మనిషి'ని కథకులు ఎన్నడూ కలుసుకోలేదు. లాట్రోబ్ లోయలోనే హేజిల్‌వుడ్ అనే బొగ్గు విద్యుత్కేంద్రం వుండేది. 1600 మెగావాట్లు. 1996లో ప్రభుత్వం దాన్ని ప్రైవేటువారికి అమ్మింది. 2014లో దాని గనికి నిప్పంటుకుని 45 రోజులు మండింది, మోర్‌వెల్ పట్టణం ఆ పొగలో మగ్గింది. 2016 నవంబరు మొదటివారంలో ఎంజీ అనే ఫ్రెంచి కంపెనీ దాన్ని మూసేస్తున్నట్లు ప్రకటించింది. 2017 మార్చి చివరికి మూసేసింది. అయిదు నెలల వ్యవధి. 750 మంది వరకు కార్మికులు. రాష్ట్ర ప్రభుత్వం ఆదరాబాదరాగా లోయ కోసం ఒక సంస్థను పెట్టవలసి వచ్చింది. నిర్బంధాలు లేని, ఎంపికలే వుండే మార్పు ఎలా వుంటుందో ఆ కార్మికులకు 2021 కన్నా ముందే తెలుసు. ఎంపిక వున్నది కంపెనీకి. సింగరేణి గనులు మూతపడటం చూసిన మన తెలంగాణ రచయితలకు ఈ కథ వివరించి చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో క్లుప్తంగా. 2022 మే ఎన్నికల్లో మారిసన్ ఓడిపోయాడు. లేబర్ ప్రభుత్వం అదే ఏడు సెప్టెంబరులో 2030కి 43 శాతం, 2050కి నికర సున్నా అని చట్టం చేసింది. 2023 జూలై నుంచి, అతిపెద్ద కర్మాగారాలూ గనులూ రెండు వందలకు పైగా తమ ఉద్గారాల పరిమితిని ఏటా 4.9 శాతం తగ్గించుకోవాలన్న నిబంధన వచ్చింది. 2025 సెప్టెంబరులో 2035కి 62 నుంచి 70 శాతం అన్నారు. కర్త కొంత కనిపించాడన్నమాట. అయితే అదే సెప్టెంబరులో పశ్చిమ తీరంలోని నార్త్ వెస్ట్ షెల్ఫ్ సహజవాయు కేంద్రాన్ని 2070 దాకా నడుపుకోవడానికి అదే ప్రభుత్వం తుది అనుమతి ఇచ్చింది. ఆ కేంద్రం వున్న ద్వీపకల్పం మీద ఆదివాసుల శిలాచిత్రాలు లక్షల సంఖ్యలో వున్నాయి. వాటికి ఆ జూలైలోనే ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కిలో 2 డాలర్ల హైడ్రోజన్ ఇంకా రాలేదు. హంటర్ లోయ హైడ్రోజన్ పథకం నుంచి ఆరిజిన్ సంస్థ 2024 అక్టోబరులో తప్పుకుంది. ఇక మారిసన్ పార్టీ 2025 నవంబరులో నికర సున్నా ప్రతిజ్ఞనే వదులుకుంది. నాలుగేళ్ల కిందట టెక్నాలజీ అనే కర్తకు అప్పగించిన బాధ్యతను ఇంత తేలికగా దింపుకోగలగడం చూస్తే, ఆ వాక్యంలో దాని స్థానం ఎంత బలహీనమో తెలుస్తుంది.

మన అభ్యుదయ సాహిత్యం యంత్రాన్ని శత్రువుగా ఎన్నడూ చూడలేదు. ఆనకట్టలనూ కర్మాగారాలనూ ఆశతో చూసిన తరం మనది. యంత్రం ఎవరి చేతిలో వుందన్న ప్రశ్న వేసినందువల్లనే ఆ ఆశకు విలువ. ఈ మధ్య మన కవిత్వంలో పర్యావరణమనగానే పిచ్చుక, చెరువు, అమ్మమ్మగారి ఊరు, ఇవే తిరుగుతున్నాయి. అవి వుండకూడదని కాదు. కాని ఖాతా పుస్తకంలోకి వెళ్లని కవిత్వం, ఖాతా రాసేవారికి ఏ ఇబ్బందీ కలిగించదు. ఆస్ట్రేలియా కవయిత్రి జూడిత్ రైట్ 1962లో క్వీన్స్‌లాండ్ వన్యప్రాణి సంరక్షణ సంఘ స్థాపకుల్లో ఒకరై, గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బల మీద సున్నపురాయి తవ్వకాలకూ చమురు బావులకూ ఎదురు నిలిచింది. ఆమె పని సభలలో కవితలు చదవడంతో ఆగలేదు. అర్జీలు రాసింది, విచారణలకు సమాచారం సమకూర్చింది. 1975లో ఆ దిబ్బలకు రక్షణ చట్టం వచ్చింది. రెండేళ్లకు ఆమె ఆ పోరాట చరిత్రను గ్రంథంగా రాసింది. అందులో కమిటీల పేర్లూ, తేదీలూ, ఉత్తరప్రత్యుత్తరాలూ వుంటాయి. కవి రాయదగిన వస్తువేనా ఇది అని ఎవరైనా అడిగితే ఆ గ్రంథం చూపవచ్చు.

మారిసన్ పత్రం వచ్చిన 2021 అక్టోబరు నెలలోనే మరొక పత్రం మెల్‌బోర్న్ ఫెడరల్ కోర్టులో దాఖలయింది. ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ నడుమ టారెస్ జలసంధిలో బోయిగు, సైబాయి అనే చిన్న దీవులున్నాయి. బోయిగు పెద్ద పబాయి పబాయి, సైబాయి పెద్ద పాల్ కబాయి తమ దేశపు ప్రభుత్వం మీద దావా వేశారు. శాస్త్రం చెప్పినంత తగ్గింపు ప్రభుత్వం చేయలేదు, సముద్రం మా దీవులు తింటోంది, మమ్మల్ని కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిది అని. వారి వాక్యంలో కర్త చాలా స్పష్టం. టారెస్ దీవులవారే మరికొందరు చేసిన ఫిర్యాదు మీద 2022 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం, ప్రభుత్వం వారికి తగిన రక్షణ ఏర్పాట్లు సకాలంలో చేయక వారి హక్కులను ఉల్లంఘించిందని తేల్చింది.

బోయిగు, సైబాయి వారి దావాలో 2025 జూలై 15న తీర్పు వచ్చింది. 2015, 2020, 2021 సంవత్సరాల్లో లక్ష్యాలు నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం అందుబాటులో వున్న ఉత్తమ శాస్త్రాన్ని నిజంగా పరిగణనలోకి తీసుకోలేదని న్యాయమూర్తి మైకేల్ విగ్నీ అంగీకరించాడు. దీవులకు జరుగుతున్న నష్టాన్నీ అంగీకరించాడు. అయినా ప్రభుత్వ విధాన నిర్ణయాలకు నిర్లక్ష్యపు చట్టం వర్తించదని, ఇప్పుడున్న చట్టంలో వారికి ఉపశమనం లేదని దావా కొట్టివేశాడు. వారికి మిగిలినది ఓటు అన్నాడు. ఆ రెండు దీవుల జనాభా కలిపినా కొన్ని వందలు. పెద్దపోటులప్పుడు సముద్రపు నీరు వారి తోటల్లోకి వస్తుంది, పూర్వీకుల సమాధుల దాకా వస్తుంది.